మూడు గాట్ల బుర్రమ్మ తల్లి

మొగిలేటి ఒడ్డున, ఏడు గెడ్డలూ, అంటే కొండవాగులూ, కలిసి ఒక్క ఏరుగా సాగే కూడలిరేవు గ్రామంలో శ్రీ బుర్రమ్మ తల్లి వెలసి ఉన్నది. బస్సు దిగి జీడితోటల గుండా పావుగంట నడిస్తే ఏటి చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ గాలిగోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. ఏటిలోకి దిగే పదకొండు రాతిమెట్లు, చివరి మెట్టు పక్కన మోకాలిలోతు నీటిలో ఒక నల్లరాయి, అంతే. ఆ రాయి ఆనపబుర్ర ఆకారంలో ఉంటుంది. ఎండిన ఆనపకాయలోని గుజ్జు తీసేసి నీళ్ళకు వాడుకునే బుర్రను మీలో పెద్దవారు చూసే ఉంటారు. రాతి మెడ దగ్గర మూడు గాట్లు ఉంటాయి. రెండు తిన్నగా, మూడోది వంకరగా.

మొదటిసారి వచ్చినవారు ముక్కున వేలేసుకుంటారు. "ఇదేమిటండీ, అమ్మవారికి ముఖమేదీ?" అని అర్చకుణ్ణయిన నన్నే నిలదీస్తారు. ఏరువాక పున్నమినాడు వచ్చినవారైతే ఇంకా విస్తుపోతారు. ఏ గుడిలోనైనా తీర్థం అర్చకుడు ఇస్తే భక్తుడు తాగుతాడు. ఇక్కడ ఎగువ ఊళ్ళ పెద్దలు తమ తమ గెడ్డల నీళ్ళు బుర్రలతో మోసుకొచ్చి, వందలమంది కళ్ళెదుట ముందు తాము తాగాలి. తాగితేనే మిగిలిన నీళ్ళు తల్లికి పోయనిస్తాం. తాగనివారి బుర్ర మెట్టు దిగదు. ఎంతటి పెద్దమనిషైనా సరే, నేను మొహమాటపడను.

ఈ ఆచారం ఎందుకు వచ్చిందో రాయమని మా ఊరి పంతులమ్మ రెండేళ్ళుగా నా ప్రాణం తీస్తోంది. ఆమె ఏటా బడిపిల్లలను ఇక్కడికి తీసుకొస్తుంది. వారికి అర్థమయ్యేటట్టు రాయాలట. సరే, పిల్లలూ, వేళ్ళు పైకి ఉండేలా ఎడమచెయ్యి చాపండి. మీ వేళ్ళు గెడ్డలు, మీ మణికట్టు మొగిలేరు. వేళ్ళ కొసల మీద నీళ్ళు పోస్తే అరచేతిలోకి జారి, మణికట్టు మీదుగా మోచేతికి కారుతాయి కదా! వేళ్ళు అయిదే ఉన్నాయి, గెడ్డలు ఏడున్నాయి అంటారా, తక్కువపడ్డ రెండూ పక్కవాడి చేతివి కలుపుకోండి. పెద్ద ఏటిలో వచ్చి కలిసే ఈ గెడ్డలనే మీ పుస్తకంలో ఉపనదులు అన్నారు.

ఇంకొక్క మాట తెలిస్తే చాలు. మీ ఇంటి కొప్పు మీద వాన పడితే ఇటు పడ్డ చుక్క వీధిలోకి, అటు పడ్డ చుక్క పెరట్లోకి జారుతుంది. కొండలకూ అలాంటి కొప్పు ఉంది. ఆ కొప్పుకు ఇటువైపు చుక్క ఎక్కడ పడినా, బండ మీద పడినా, ఆవు వీపు మీద పడినా, ఏ గెడ్డనో పట్టుకొని చివరికి మొగిలేటికి రావలసిందే. ఆ నేలంతటినీ చదువుకున్నవారు పరీవాహక ప్రాంతం అంటారు. మా పెద్దలు తల్లి కొంగు అనేవారు. కొంగులో ఏ మూల ఏది కట్టినా అది తల్లి ఒడిలోకే వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియకే ఇక్కడ ఘోరం జరిగింది.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు. ఏటి పొడవునా మొగలిపొదలు, పొదల పక్కన ఆడవాళ్ళు నీళ్ళు ముంచుకునే రేవు, గట్టు మీద నలభై గుడిసెలు ఉండేవి. ఇక్కడికి రెండు రోజుల కాలినడక దూరంలో, కొండ నెత్తిన గట్టుతల అనే ఊరుంది. ఆ ఊరి పెద్ద కూర్మన్న. నలభై పశువుల మందకు యజమాని, తానే స్వయంగా కాసుకునేవాడు. ముక్కోపి, మాట మీద నిలబడేవాడు. భార్య చిన్నతనంలోనే పోతే కూతురు నూకాలును తల్లీ తండ్రీ తానే అయి పెంచాడు.

కూర్మన్న నీళ్ళు తాగే బుర్ర మీద మూడు గాట్లు ఉండేవి. ఒకటి తనకు, ఒకటి పోయిన భార్యకు, ఒకటి నూకాలుకు. మూడోది పెట్టిననాడు నూకాలుకు అయిదేళ్ళు. "నాను పెడతాను అయ్యా" అని కత్తి పట్టుకుంటే చెయ్యి జారి గాటు వంకరపోయింది. ఎందరు నవ్వినా కూర్మన్న ఆ బుర్రను మార్చలేదు. ఆ పిల్ల పెద్దదై కూడలిరేవులో సిమ్మన్న అనే రైతును పెళ్ళాడి వెళ్ళింది. అత్త పోలమ్మ కోడల్ని కన్నకూతురిలా చూసుకునేది.

గట్టుతల వెనక గెడ్డ పడమటికి పారుతుంది. సూర్యుడు దిగే వైపుకే నీళ్ళూ దిగుతాయి. కూడలిరేవేమో తూర్పున ఉంది. అందుచేత ఆ ఊరివారు తరతరాలుగా ఒకటే అనుకున్నారు. మన గెడ్డ పడమటి దేశానికి పోతుంది, మన ఆడపిల్లలున్న తూర్పుకూ దానికీ సంబంధం లేదు అని. గెడ్డ పులిలోవ అనే కొండసందులో దూరి కనుమరుగైన తరువాత ఎటు పోతుందో ఒక్కడంటే ఒక్కడు నడిచి చూడలేదు! పుట్టినది మొదలు తాగే నీరు, స్నానం చేసే నీరు, చచ్చాక బూడిద కలిపే నీరు, అది ఎక్కడికి పోతుందో చూడాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక వైశాఖంలో గట్టుతలలో మహమ్మారి పడింది. వాంతులు, విరేచనాలు. పొద్దున పొలానికి వెళ్ళినవాడు సాయంత్రానికి పాడె ఎక్కాడు. పద్నాలుగు మంది పోయారు. అలాంటప్పుడు ఆ ఊరిలో సాగనంపు చేసేవారు. పోయినవారి బట్టలూ చాపలూ మూటలు కట్టి, పెద్ద వెదురుబుట్టలో పెట్టి, పసుపు కుంకుమలు చల్లి గెడ్డలో వదిలేవారు. మారి ఆ బుట్ట ఎక్కి పడమటి దేశం పోతుందని నమ్మకం. దారిలో దప్పికై వెనక్కి రాకుండా ఊరిపెద్ద తాగే బుర్రను కూడా బుట్టలో పెట్టాలి. కూర్మన్న ప్రాణప్రదమైన తన బుర్రను ఊరికోసం పెట్టాడు. నడుములోతు నీటిలో దిగి బుట్టను తన చేతులతోనే తోశాడు.

"ఎల్లిపో తల్లీ! ఎవులికి కావాలో ఆళ్ళ కాడికే ఎల్లిపో!" అని కేకవేశాడు. ఊరంతా డప్పులు కొట్టింది.

ఎనిమిది రోజుల్లో ఊరు కుదుటపడింది. కోళ్ళు కోసి పండుగ చేసుకున్నారు. ఆ వేళ కూర్మన్న మీసం మీద చెయ్యి వేసి తిరిగాడట.

నూకాలుకు అప్పుడు తొలికాన్పు. ఏడో నెలలోనే పుట్టింటికి తీసుకురావలసింది. ఊళ్ళో మారి ఉన్నదని, పిల్లకు అంటుకుంటుందేమోనని కూర్మన్న ఆగాడు. ఊరు చల్లబడ్డాక మరో నెల గడవనిచ్చి, చలిమిడి చేయించి, గాజులు మూటగట్టి తూర్పుబాట పట్టాడు. కూతురు ఎంత లావయిందో, మనవడో మనవరాలో అనుకుంటూ రెండు రోజులు నడిచాడు.

కూడలిరేవు పొలిమేరలో ఒక్క మనిషి ఎదురుపడలేదు. పొయ్యి రాజిన జాడ లేదు. గుమ్మం గుమ్మానికీ వేపరొట్టలు కట్టి ఉన్నాయి. పోలమ్మ వాకిట్లోనే చేతులడ్డం పెట్టింది.

"ఎందుకొచ్చినావు అన్నయ్యా! ఊరు మీద మారి పడింది. పదిహేను రోజుల నుంచీ మనుసులు పిట్టల్లా రాలిపోతన్నారు. నిన్ననే మా మరిది పోయినాడు."

కూర్మన్నకు కోపం ముంచుకొచ్చింది. "ఏ పాపిష్టోడు తోలినాడు చెల్లెమ్మా ఈ పీడని? ఆడి చెయ్యి పడిపోనూ! ఆడి వంశం నాశనమైపోనూ!" అని వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టాడు.

ఇంతలో నూకాలు బయటికి వచ్చింది. నిండు కడుపు, కళ్ళకింద నలుపు, అయినా తండ్రిని చూడగానే మొహం విప్పారింది. రెండు చేతులతో నీళ్ళు అందించింది.

"ముందు దాహం తీర్సుకో అయ్యా. నువ్వు రాకముందే నీ బుర్ర వచ్చేసింది తెలుసా!"

కూర్మన్న చేతిలోకి చూసుకున్నాడు. మూడు గాట్లు. మూడోది వంకర.

"నెల దాటింది. నీళ్ళకెళ్తే మొగలిపొదల్లో ఏవో బట్టల మూటలతో చిక్కుకొనుంది. నా గాటు నాను పోల్చుకోనా? మా అయ్య నా మీద బెంగెట్టుకొని పంపినాడు అనుకున్నాను. ఆనాటి నుంచీ నీళ్ళు దీంతోనే తాగుతున్నాను" అంది ఆ వెర్రితల్లి. చెబుతూ మురిసిపోయింది.

అయ్యో, అయ్యో! పడమటికి తోసిన బుర్ర తూర్పున కూతురి చేతిలో ఎలా ఉంది? బట్టల మూటలంటే ఆ మూటలే. అవి రేవుకు ఎగువన పొదల్లో కుళ్ళుతున్నాయి. ఆ నీటినే ఈ ఊరు తాగుతోంది. బుర్ర పైకెత్తాడు, పెదవుల దాకా తెచ్చాడు, అక్కడే ఆగిపోయాడు. రెండు రోజులు ఎండలో నడిచివచ్చిన మనిషి ఒక్క గుక్క తాగలేకపోయాడు.

"ఏటయ్యా, తాగవేటి?" అని నూకాలు అడిగింది. తండ్రి మొహం చూసింది. బుర్ర వంక చూసింది. గట్టుతల పిల్ల కదా, సాగనంపు బుట్టలో ఊరిపెద్ద బుర్ర పెడతారని ఆమెకు తెలుసు. మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది.

"అయ్యా, ఇది ఎవులికి పంపినావు?"

"నీకు కాదమ్మా! నా తల్లీ, నీకు కాదు! ఎవులో పరాయోళ్ళకి..."

"పరాయోళ్ళంటే ఎవులయ్యా?"

ఆ సాయంత్రమే నూకాలుకు వాంతులు పట్టుకున్నాయి. మూడోనాడు ఆడపిల్లను ప్రసవించి, బిడ్డ మొహం చూసి, కన్నుమూసింది. తండ్రితో మరి మాట్లాడలేదు. కోపం వల్లనో, ఓపిక లేకనో ఎవరూ చెప్పలేరు. రెండూ కావచ్చునని నా నమ్మకం.

పాడె దగ్గరే కూర్మన్న ఊరందరికీ నిజం చెప్పాడు. మరుక్షణం సిమ్మన్న కర్ర ఎత్తాడు. పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకున్న పోలమ్మ కొడుకును ఆపింది.

"సంపితే ఆడికి సుఖం. సంపకు. నడిపించు" అని కూర్మన్న వైపు తిరిగింది. "ఇదిగో, నీ బుర్ర నువ్వు పట్టుకో. ఈ నీళ్ళు ఎటు తిరిగి మా రేవుకొచ్చినాయో నీటెంట నడిచి కళ్ళారా సూడు. ఏ గెడ్డనీ వదలకు, ఏ ఊరినీ వదలకు."

ముందు కూర్మన్న మొగలిపొదల్లోకి దిగి, ఆ మూటలన్నీ తన చేతులతో లాగి గట్టు మీద తగలబెట్టాడు. తరువాత ఏటికి ఎదురు నడిచాడు. ఎక్కడ నీరు రెండుగా చీలినా ముందు ఒకదాని వెంట దాని పుట్టుక దాకా వెళ్ళాడు, తిరిగివచ్చి రెండోది పట్టుకున్నాడు. ఒక గెడ్డలో గోగుకట్టలు నానబెట్టి నార తీస్తున్నారు, నీళ్ళు కుళ్ళు వాసన కొడుతున్నాయి. ఒక గెడ్డలో చేపల కోసం విషపుకాయలు దంచి కలిపారు, చేపలతోపాటు కప్పలు కూడా వెల్లకిలా తేలాయి. మరొకచోట చచ్చిన ఎద్దును కాళ్ళు కట్టి ఈడ్చి నీళ్ళలో పడేస్తున్నారు. "ఇదేటి పని?" అని అడిగితే అందరిదీ ఒకటే మాట. "కిందికి పోద్దిలే!" కింద ఎవరున్నారని అడిగితే, ఎవరో ఒకరు ఉంటారన్నారు. కూర్మన్న తలబాదుకున్నాడు. తాను అన్నదీ అదే మాట కదా!

ఆరు గెడ్డలు చూశాడు. ఏడోది అన్నిటికన్నా పెద్దది, కొండ చుట్టూ పాములా తిరిగి ఎక్కుతోంది. దాని మీద మూడు ఊళ్ళున్నాయి. మూడింటిలోనూ వేపరొట్టలు. పదమూడోనాడు సన్నటి లోవలోంచి పైకి వచ్చి తలెత్తి చూస్తే ఎదురుగా తన ఊరు! అది పులిలోవ. తూర్పున దిగి వెళ్ళినవాడు పడమటి నుంచి, నీటి వెంటనే, తన ఇంటి పెరటికి వచ్చాడు. పడమటికి పోయినట్టు కనిపించిన గెడ్డ లోవ దాటగానే కొండను చుట్టి తూర్పుకు తిరిగిపోయింది. పడమటి దేశమూ లేదు, పాడూ లేదు. కొండకొప్పు అంతకు ఆవల ఎక్కడో ఉంది. కూర్మన్న అక్కడే చతికిలపడి హోరున ఏడ్చాడు.

ఏడుపు ముగియకుండానే డప్పులు వినిపించాయి. ఊరివారు మరో బుట్ట మోసుకొస్తున్నారు. ఎవరో ముసలమ్మకు మళ్ళీ వాంతులు పట్టాయట. పులిలోవ వైపునుంచి వస్తున్న కూర్మన్నను చూసి దయ్యమనుకొని ఆగిపోయారు. ఆయన గెడ్డ నడుమ చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు.

"సూరీడూ, నీ చెల్లిని ఎక్కడికిచ్చినావు?" అని డప్పు పట్టుకున్నవాణ్ణి అడిగాడు.

"గోగుపాడుకి. ఎందుకు?"

"గోగుపాడు ఈ గెడ్డ మీదే ఉంది. నిన్న నాను ఆళ్ళింటి ముందు నుంచే వచ్చినాను. నీ చెల్లెలి పిల్లలిద్దరూ పోయినారు."

సూరీడు చేతిలోని డప్పు నేలపడింది.

"గంటన్నా, నీ కూతుర్ని? చిట్టెమ్మా, నీ అక్కని?" అని పేరుపేరునా అడిగాడు. ఆ ఊరి ఆడపిల్లలందరూ దిగువనే ఉన్నారు. కొండ నెత్తినున్న ఊరివారు పెళ్ళిపిల్లను కిందికే పంపుతారు, నీళ్ళూ కిందికే పోతాయి. పిల్లా నీళ్ళూ ఒకే చోటికి చేరతాయని ఎవరికీ తట్టలేదు. "నా నూకాల్ని నానే సంపుకున్నాను. ఇదిగో నా బుర్ర" అని ఎత్తి చూపాడు. ఊరివారు బుట్ట దించారు, గెడ్డకు దూరంగా మోసుకెళ్ళి కాల్చేశారు. గట్టుతలలో సాగనంపు ఆనాటితో ఆఖరు.

కూర్మన్న మందను ఊరికి వదిలేసి కూడలిరేవుకు తిరిగివచ్చాడు. మిట్టమధ్యాహ్నం రేవులో కూర్చుని, బుర్ర ఒళ్ళో పెట్టుకొని, మొగలినీడలో కునుకుతీస్తే నూకాలు కనిపించింది. మోకాలిలోతు నీటిలో నిలబడి ఉన్నది. "నాకు గుడి వద్దయ్యా, దీపం వద్దు. కిందికి పంపే నీళ్ళు ముందు నువ్వు తాగి పంపు. ఏడు గెడ్డలోళ్ళనీ తాగి పంపమను" అన్నది. ఉలిక్కిపడి లేస్తే ఒళ్ళో బుర్ర లేదు. కూతురు నిలబడిన చోట నీటిలో నల్లరాయి కనిపించింది. బుర్రే రాయి అయిందని కొందరంటారు, ఏటి రాళ్ళు అలాగే ఉంటాయని కొందరంటారు. మీరే మెట్లు దిగి చేత్తో తడిమి చూడండి. మూడో గాటు వంకరగానే ఉంటుంది.

నాటి నుంచి నేటి వరకు ఏరువాక పున్నమినాడు ఏడు గెడ్డల ఊళ్ళవారు తమ తమ గాట్లు పెట్టిన బుర్రలతో నీళ్ళు తెస్తున్నారు. అర్చకుడు మెట్టు మీద నిలబడి ఒక్కొక్కరినీ "ఎవులికి పంపినావు?" అని అడుగుతాడు. "మా ఆడపిల్లకి" అని చెప్పి, వారు గుక్కెడు తాగి, మిగిలినవి తల్లికి పోస్తారు. ఏడు నీళ్ళూ రాయి మీద కలిసి ఏటిలో పడతాయి. అప్పటికిగాని దిగువ ఊళ్ళలో అరక కట్టరు.

నాలుగేళ్ళ కిందట ఒక ఊరి పెద్ద బుర్రను పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళ నా అర్చకత్వంలో అలాంటిది చూడలేదు. ఆయన మనవరాలిని ఈ ఊరికే ఇచ్చారు. ఆ పిల్ల చంటిబిడ్డను ఎత్తుకొని రెండో మెట్టు మీదే ఉన్నది. "తాగు తాతా" అన్నది. ఆయన బుర్ర కింద పెట్టేసి కూలబడ్డాడు. పురుగుమందుల డబ్బాలు కడిగే షెడ్డుకు గెడ్డగట్టు ఇచ్చానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నెల తిరగకుండా ఆ ఊరివారే షెడ్డును ఎత్తివేయించారు. మరుసటి ఏడు ఆయన వచ్చి నిండు బుర్ర తాగాడు. తల్లి మహిమ అంటే ఇదీ.

ఈ తల్లిని కొలిచిన ఇంట తొలికాన్పులు సుఖంగా జరుగుతాయనీ, బావులు ఎండవనీ, పుట్టింటికీ మెట్టింటికీ పొరపొచ్చాలు రావనీ భక్తుల విశ్వాసం. మొక్కు ఒకటే. మీ ఊరి నీళ్ళు ఎటు పోతున్నాయో ఒక్కసారి వాటి వెంట నడిచి చూసి రండి. చూసి వచ్చినవారు మెట్ల మీద ప్లాస్టిక్ కవర్లు పారేయరు. పారేస్తే నా నోటికి చిక్కుతారు, ముందే చెబుతున్నాను.

కూర్మన్నను ఇంతసేపూ ఆడిపోసుకున్నానని కొందరికి కష్టం కలగవచ్చు. పోలమ్మ పెంచిన ఆ పసిబిడ్డ బతికి, పెళ్ళాడి, పిల్లల్ని కన్నది. ఆమె సంతతిలో ఆరో తరంవాణ్ణి నేను. కూర్మన్న మా తాతల తాత. ఆయనను తిట్టే హక్కు నాకు ఉంది, ఆయన కోసం ఏడ్చే హక్కూ ఉంది. అందుకే పున్నమినాడు ఏడు ఊళ్ళవారినీ ప్రశ్న అడిగే ముందు, పోలమ్మ ఇంటిపేరువారు అదే ప్రశ్న నన్ను అడుగుతారు. ఏటి నీళ్ళు బుర్రతో ముంచి అందరికంటే ముందు నేను తాగుతాను. ఆనాడు మా తాత తాగలేకపోయిన గుక్క అది.